ఎక్కడి వేడి?

మే నెల మధ్యాహ్నం రెండు గంటలప్పుడు కర్మన్‌ఘాట్‌లో నీడనే 42 డిగ్రీలు ఉండే రోజులున్నాయి. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఆగిన కారు బోనెట్ కింద ఎంత ఉంటుందో ఆ అంకె చెప్పదు. ఇంజిన్ పీల్చే గాలి వేడెక్కినప్పుడు స్పార్కును ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగాలనేది ట్యూనింగ్ చేసేవాళ్ల ల్యాప్‌టాప్‌లో చిన్న పట్టిక మాత్రమే. చాలామంది దాన్ని చివర్లో, పొద్దుపోయాక, వేరే బండి నుంచి కాపీ కొట్టి నింపుతారు. నాకు మాత్రం మన ఊళ్ల ఎండకు అన్నిటికంటే ముందు చూడాల్సిన పట్టిక అదే అనిపిస్తుంది.

కొత్త బండి కొన్నవాళ్లు కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి ముందు పూజ చేయించుకుని వెళ్తారు. అదే బండి పాతబడ్డాక చంపాపేట నుంచి బీఎన్ రెడ్డి నగర్ దాకా సాగర్ రోడ్డు వెంబడి ఏదో ఒక షెడ్డుకు చేరుతుంది. ఆ షెడ్లలో ఇప్పుడు రెండు తరాలు పక్కపక్కనే పనిచేస్తున్నాయి. అంబాసిడర్, పద్మిని, మారుతి 800 మీద చెయ్యి తిరిగిన తరం ఒకటి. ల్యాప్‌టాప్ తీగ గుచ్చి ఇంజిన్‌తో మాట్లాడే తరం ఇంకొకటి. వాళ్ల మధ్య వాదనను ఇక్కడ ఒక మేస్త్రి, ఆయన మేనల్లుడి నోట పెడుతున్నాను. వాళ్ల ముందున్నది పాత 1.3 లీటర్ల పెట్రోల్ కారు. దానికి టర్బో, ఇంటర్‌కూలర్ బిగించారు. కంపెనీ కంప్యూటర్ తీసేసి, పట్టికలన్నీ మనమే నింపుకునే కంప్యూటర్ పెట్టారు.

మేస్త్రి: ఇన్ని గళ్లు ఎందుకురా అల్లుడా? ఎండకాలంల కొట్టని టైమింగ్ చలికాలంల ఎట్లాగూ కొట్టది. నేను డెల్కో (డిస్ట్రిబ్యూటర్) తిప్పి టైమింగ్ కట్టేటప్పుడు మే నెలనే మనసుల పెట్టుకునేది. మూడో గేర్ల ఎక్స్‌లేటర్ నిండ తొక్కి, ఫ్లైఓవర్ ఎక్కిచ్చేది. కటకట వినొస్తే టైమింగ్ కొంచెం దించేది. అంతే. పన్నెండు నెలలు ఒకటే టైమింగ్. ఎవ్వరి పిస్టన్ పగల్లే.

మేనల్లుడు: పగల్లేదు నిజమే మామా. కానీ డిసెంబర్ పొద్దున 15 డిగ్రీల గాలిలో ఆ బండి ఎంత పోగొట్టుకుందో ఎవరూ కొలవలేదు కదా. స్పార్క్ పడ్డాక మంట పాకడానికి టైం పడుతుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక్క మిల్లీసెకండ్‌లో క్రాంక్ 18 డిగ్రీలు తిరుగుతుంది. అందుకే పిస్టన్ పైకొసకు చేరకముందే స్పార్క్ ఇస్తాం. సిలిండర్‌లో ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువయ్యేది, పిస్టన్ పైకొస దాటి 15 డిగ్రీల చుట్టుపక్కల దిగేటప్పుడు అయితే మంచి బలం వస్తుంది. నువ్వు మే నెల కోసం దించి ఉంచితే, మిగిలిన నెలలన్నీ మంట ఆలస్యంగా అంటుకుంటుంది. పెట్రోలు కాలుతుంది, బలం సైలెన్సర్‌లోకి పోతుంది.

మేస్త్రి: పోతే కొంచెం పోతది. ఆ వేడి ఎంతని దించుతవు? గాలి ముప్పై డిగ్రీలు పెరిగితే ఇంజిన్‌కేమి? లోపల రెండు వేల డిగ్రీల మంట మండుతుంటది.

మేనల్లుడు: మంట సంగతి కాదు మామా, ఇంకా అంటుకోని గాలి సంగతి. మంట ఒక పక్క నుంచి వస్తుంటే, సిలిండర్ చివర మూలన మిగిలిన గాలీ పెట్రోలూ నలిగి, వేడెక్కి, మంట చేరకముందే తమంతట తామే భగ్గుమంటాయి. మనం నాకింగ్ అనేది దాన్నే. ఇప్పుడు లెక్క చూడు. పదో వంతుకు నొక్కే ఇంజిన్‌లో పరమ ఉష్ణోగ్రత, అంటే సెల్సియస్‌కు 273 కలిపిన అంకె, దాదాపు రెట్టింపు అవుతుంది. 15 డిగ్రీల గాలి 288 అనుకుంటే 576 అవుతుంది. 45 డిగ్రీల గాలి 318 నుంచి 636కు పోతుంది. బయట 30 తేడా లోపల 60 అయింది. దాని మీద మంట ఇంకా నొక్కుతుంది. ఆ మూలన గాలి ఎంతసేపు ఓర్చుకుంటుందనేది వేడితో పాటు వరసగా తగ్గదు, ఒక్కసారిగా పడిపోతుంది.

నాకింగ్ అంటే ఆ చివరి గాలి తనంతట తాను మండడమేనని ఇంగ్లండ్‌లో హ్యారీ రికార్డో వందేళ్ల కిందటే గట్టిగా చెప్పాడు. 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ పెట్రోల్లో సీసం కలిపితే ఆ మంట ఆగుతుందని కనిపెట్టాడు. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరిలో. మేస్త్రి చెవి తయారైంది సీసం పెట్రోలు రోజుల్లో అన్న సంగతి ఈ వాదన వింటున్నంతసేపూ గుర్తుంచుకోవాలి.

మేస్త్రి: సరే, నీ లెక్క ఒప్పుకున్న. మరి నా లెక్క కూడ విను. వేడి గాలి పలచగుంటది. లోపలికి పోయేది తక్కువ. తక్కువ పోతే నలిగేది తక్కువ. ఇంజిన్ తనంతట తానే మెత్తబడ్డది గదా. నువ్వు మల్ల దించుడెందుకు? ఒక్క దెబ్బకు రెండు శిక్షలా?

మేనల్లుడు: ఈ మాట మా క్లాసులో అడిగినవాడు లేడు మామా. 15 నుంచి 45కు పోతే గాలి బరువు తొమ్మిది శాతం తగ్గుతుంది, నిజమే. కానీ ఆ తగ్గింది కంప్యూటర్‌కు ఎట్లా తెలుస్తుందో చూడు. ఈ బండిలో కంప్యూటర్ గాలి బరువు తూచదు. మానిఫోల్డ్‌లో ఒత్తిడి చూస్తుంది. 150 కిలోపాస్కల్ అంటే 150 వరసకు పోయి అక్కడ రాసిన టైమింగ్ ఇస్తుంది. గాలి 20లో ఉన్నా 70లో ఉన్నా అదే గడి. వేడి సంగతి చెప్పే పట్టిక ఒకటి లేకపోతే దానికి మే నెల అనేదే లేదు.

మేస్త్రి: మరి కొన్ని బండ్లకు ఫిల్టర్ పక్కన గాలి తూచే మీటర్ ఉంటది గదా.

మేనల్లుడు: వాటిలో ఇంకా తమాషా. మీటర్ బరువు తూస్తుంది. వేడి గాలి తేలిక, కాబట్టి బండి మీద బరువు (లోడ్) తక్కువుందని అనుకుంటుంది. తక్కువ బరువు గడికి పోతుంది. తక్కువ బరువు గడిలో టైమింగ్ ఎప్పుడూ ముందుకే రాసి ఉంటుంది. అంటే ఎండ పెరిగితే కంప్యూటర్ స్పార్కును వెనక్కి లాగాల్సింది పోయి ముందుకు తోస్తుంది! పలచబడినందుకు మనకు కలిసొచ్చింది కొంచెం, వేడి వల్ల పోయింది ఎక్కువ. కంపెనీ ఇంజనీర్లు వేడి పట్టిక రాసిందే అందుకు.

షెడ్లలో అందరూ దాటేసే సంగతి ఇదే. వేడి పట్టిక అదనపు జాగ్రత్త అనుకుంటారు. కానీ టైమింగ్ చెప్పే మొదటి పట్టికలో ఉన్న గుడ్డితనాన్ని సరిదిద్దే పని దానిది. ఒత్తిడి చూసే కంప్యూటర్‌కూ, బరువు తూచే కంప్యూటర్‌కూ ఆ గుడ్డితనం ఒకటి కాదు. అందుకే ఒక బండి పట్టిక ఇంకో బండిలో అతికిస్తే రెండు తప్పులు ఒకచోట చేరతాయి.

మేస్త్రి: ఇంజిన్‌కు చెవి కూడ పెట్టిండ్రు గదా, నాక్ సెన్సర్. అది విని దించుకుంటది. నీ పట్టిక ఎందుకు మల్ల?

మేనల్లుడు: చెవి దెబ్బ పడ్డాక వింటుంది మామా. ఈ సైజు సిలిండర్లో నాకింగ్ ఏడెనిమిది కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. సెన్సర్ దాన్ని పట్టుకుని, తర్వాతి స్పార్కులు దించుతుంది. మామూలు బండికి ఆ ఒకటి రెండు దెబ్బలు ఏమీ కావు. టర్బో బండిలో గట్టి దెబ్బలు వరసగా నాలుగు పడితే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరగొచ్చు. చెవి కావాలి. పట్టిక ముందే దించి ఉంచితే చెవికి పని తక్కువ పడుతుంది.

మేస్త్రి: ముందే దించుతవు, మంచిది. ఏం చూసి దించుతవు?

మేనల్లుడు: గాలి వేడి సెన్సర్. లోపల చిన్న థర్మిస్టర్. బాష్ వాళ్లదైతే 20 డిగ్రీల దగ్గర రెండున్నర కిలో ఓమ్‌లు. వేడెక్కేకొద్దీ నిరోధం పడిపోతుంది.

మేస్త్రి: అగో, అక్కడ దొరికినవ్. మొన్న నువ్వే రికార్డింగ్ చూపెట్టినవ్. ఎల్‌బీ నగర్ సిగ్నల్ కాడ బండి పది నిమిషాలు ఆగింది. సెన్సర్ 50 నుంచి 72కు పోయింది. ఆ పది నిమిషాలు ఇంజిన్ గాలి పీల్చిందా? ఉత్త ఐడిల్. ఆ 72 గాలిది కాదు, మానిఫోల్డ్ ఇనుముది. సెన్సర్ ఇత్తడి ఒళ్లు ఆ ఇనుముల బిగించి ఉన్నది, దాని వేడే తాగి చెప్తున్నది. పొయ్యి ఆర్పినంక పెనం కాలినట్టే. గప్పుడు సిగ్నల్ పడ్డది. కంప్యూటర్ ఆరు డిగ్రీలు దించింది. బండి గుంజలే. వెనక ఆటోవాడు హారన్. కస్టమర్ ఏమన్నడు? ‘టర్బో పెట్టినంక ఇంకా చచ్చింది’ అన్నడు. ఇంకో మాట చెప్త. టైమింగ్ దించితే మంట ఆలస్యం, ఆ వేడంత సైలెన్సర్ దిక్కు పోతది. టర్బో ఎర్రగైతది. బోనెట్ కింద ఇంకా కాగుతది. నీ సెన్సర్ ఇంకా ఎక్కువ చూపెడ్తది. నువ్వు ఇంకా దించుతవు. ఇదెక్కడ ఆగుతది?

ఇక్కడ కుర్రవాడు కాసేపు మాట్లాడడు. మేస్త్రి పట్టుకున్నది నిజమైన లోపం. పట్టిక ఎంత నేర్పుగా రాసినా, దాని తలుపు దగ్గర నిలబడిన అంకె అబద్ధం చెప్తే పట్టిక ఆ అబద్ధాన్నే అమలు చేస్తుంది. నా మట్టుకు ఈ సంవాదంలో అసలు ప్రశ్న ఇదే: వేడి అంటే ఎక్కడి వేడి? బంపర్ ముందరి గాలిదా, టర్బో నోటిదా, ఇంటర్‌కూలర్ దాటాక వచ్చేదా, మానిఫోల్డ్ గోడదా, సిలిండర్‌లోకి దిగేదా? చివరిదాన్ని ఏ సెన్సరూ కొలవదు. మిగిలినవన్నీ దానికి సాక్ష్యాలే.

మేనల్లుడు: సెన్సర్ జాగా మారుస్తాను మామా. మానిఫోల్డ్ మీంచి తీసి, ఇంటర్‌కూలర్ తర్వాత గొట్టంలో, ఇంజిన్‌కు దూరంగా పెడతాను. కొస తెరిచి ఉన్న సెన్సర్ తెస్తాను, గాలి నేరుగా తగులుతుంది. టర్బో సంగతి నువ్వు అన్నదానికంటే ఎక్కువే. 40 డిగ్రీల గాలిని 1.8 రెట్లు నొక్కితే టర్బో నోట్లోంచి 120 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. ఇంటర్‌కూలర్ దాన్ని దించుతుంది. ఎంత దించిందనేది ఆ తర్వాత గొట్టంలోనే తెలుస్తుంది.

మేస్త్రి: దూరం పెడితే ఇంకో తప్పు అయితది. గొట్టంల చల్లగ ఉన్నదంటది, గాలేమో మానిఫోల్డ్‌ల పోయి కాగుతది. సిగ్నల్ కాడ గోడ వేడి గాలికి తగలదా?

మేనల్లుడు: తగులుతుంది. రెండూ కలపాలి. గాలి మెల్లగా పోతుంటే గోడల వేడి తాగుతుంది, అప్పుడు సిలిండర్‌లోకి దిగే వేడి నీళ్ల వేడికి, అంటే రేడియేటర్ నీళ్లు 90 ఉన్నాయనుకో, ఆ వైపుకు జరుగుతుంది. గాలి జోరుగా పోతుంటే గోడను ముట్టుకునే టైమే ఉండదు, సెన్సర్ చూపేదే నిజం. గాలి ప్రవాహాన్ని బట్టి ఈ రెండిట్లో ఏది ఎంత నమ్మాలో రాసే పట్టిక ఈ కంప్యూటర్‌లో ఉంది. నేను దాన్ని ఇప్పటిదాకా ముట్టుకోలేదు.

మేస్త్రి: గదే ముందు నింపు. ఆరు డిగ్రీల సంగతి?

మేనల్లుడు: దించేది బండి మీద బరువును బట్టి కూడా ఉండాలి. ఐడిల్‌లో, మెల్లగా పోయేటప్పుడు నాకింగ్ రాదు. అక్కడ దించితే వేడి పెంచుకోవడమే, నువ్వు చెప్పిన గిరగిర తిరుగుడు అక్కడే మొదలైంది. 70 కిలోపాస్కల్ లోపు సున్నా పెడతాను. టర్బో ఒత్తిడి పెరిగేకొద్దీ పూర్తిగా దించనిస్తాను. 40 డిగ్రీల దాకా ఏమీ వద్దు. 50 దగ్గర ఒకటి, 60 దగ్గర మూడు, 70 దగ్గర ఐదు. ఇవి మొదలుపెట్టే అంకెలే, ఇంజిన్ ఏమంటుందో దాన్ని బట్టి మారతాయి. చల్లగాలిలో మంట కొంచెం మెల్లగా పాకుతుంది కాబట్టి 15 దగ్గర ఒక డిగ్రీ ముందుకు ఇవ్వొచ్చు.

మేస్త్రి: ముందుకిచ్చేటప్పుడు పెట్రోలు సంగతి కూడ చూడు.

పెట్రోలు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. నాకింగ్‌కు పెట్రోలు ఓర్పు ఎంతో చెప్పే ఆక్టేన్ అంకె కూడా ఒక గాలి వేడి దగ్గర తీసిందే. పరిశోధన పద్ధతిలో ఒక సిలిండర్ పరీక్ష ఇంజిన్‌ను 600 ఆర్‌పీఎం దగ్గర తిప్పి, సుమారు 52 డిగ్రీల గాలి పీల్పించి ఆ అంకె తేలుస్తారు. మోటార్ పద్ధతిలో 900 ఆర్‌పీఎం, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని 149 డిగ్రీలకు కాగబెడతారు. బంకు పెట్రోలుకు రెండో అంకె చిన్నది. అంటే వేడెక్కితే పెట్రోలు ఓర్పు తగ్గుతుందని పరీక్షే ఒప్పుకుంటోంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇ20లో ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెండింతలకు మించి వేడి లాక్కుంటుంది కాబట్టి నాకింగ్‌కు మేలే. కానీ మామూలు పెట్రోలుకు రాసిన ఇంధన పట్టికతో ఇ20 పోస్తే మిశ్రమం పలచబడుతుంది. ఈ కారుకు అది ముందే సరిచేశారు.

మేస్త్రి: నీ కంప్యూటర్‌కు ఇంకొకటి తెల్వది. మే నెల ఎండ, జులై ఉక్క ఒకటి కాదు. వాన కురిసి ఆగినంక బండి మెత్తగ పోతది, కొట్టదు. 35 డిగ్రీలైనా కొట్టదు.

మేనల్లుడు: తేమ. గాలిలో నీటి ఆవిరి మంటను మెల్లగా పాకిస్తుంది, నాకింగ్‌ను ఆపుతుంది. ఆక్టేన్ పరీక్షలో గాలి తేమను కూడా హద్దుల్లో ఉంచేది అందుకే. ఈ బండికి తేమ సెన్సర్ లేదు.

మేస్త్రి: మరి పట్టిక ఎప్పుడు కట్టాలె?

మేనల్లుడు: పొడి ఎండలో. మేలోనే.

మేస్త్రి: చూసినవా, తిరిగి తిరిగి నా మే నెలకే వచ్చినవ్.

మేనల్లుడు: వచ్చాను, కానీ నువ్వు మే నెలను పన్నెండు నెలలకూ పరిచావు. నేను దాన్ని 50 దాటిన గళ్లలో మాత్రమే పెడుతున్నాను.

మేస్త్రి: ఇంకో ముచ్చట. ఇక్కడ మంచిగున్న మారుతి, విజయవాడ పోయి కొట్టిందని ఎంతమంది వచ్చేటోళ్లు. ఎల్‌బీ నగర్ కాడ ఎక్కితే నాలుగైదు గంటల్ల విజయవాడ. దానికేం రాస్తవు?

మేనల్లుడు: హైదరాబాద్ సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పైన ఉంది. ఇక్కడి గాలి ఒత్తిడి 95 కిలోపాస్కల్ దగ్గర. విజయవాడలో 100. టర్బో లేని బండిని ఇక్కడ ట్యూన్ చేస్తే 100 వరస ఎప్పుడూ తగలదు, ఊహించి నింపుతాం. ఆ బండి విజయవాడలో ఎక్స్‌లేటర్ నిండా తొక్కితే ఎవరూ పరీక్షించని గడిలోకి పోతుంది, పైన అక్కడి ఎండ. ఈ టర్బో బండికి ఆ బాధ లేదు, 100 వరస ఇక్కడే దాటుతుంది. మామూలు బండికి మాత్రం ఆ వరసలో రెండు డిగ్రీలు తక్కువే రాసి పంపాలి.

మేస్త్రి: గా రెండు డిగ్రీలు ఈ బండిల కూడ పెట్టు. అన్ని గళ్లల్ల. ఫిల్టర్ మూసుకపోతది, రేడియేటర్ల దుమ్ము నిండుతది, కస్టమర్ ఏ పెట్రోలు పోస్తడో తెల్వది.

మేనల్లుడు: అన్ని గళ్లలో వద్దు. వేడి గళ్లలో పెడతాను.

మేస్త్రి: పట్టిక కంటే ముందు పని ఇంకోటి ఉన్నది. ఫిల్టర్ డబ్బా సైలెన్సర్ పక్కన ఉన్నది, దాని నోరు బోనెట్ లోపలికే తెరిచి ఉన్నది. ముందర హెడ్‌లైట్ ఎనక నుంచి గొట్టం గుంజి బయటి గాలి ఇయ్యి. టర్బో మీద రేకు కప్పు. ఇంటర్‌కూలర్ ముందర ఆ నంబర్ ప్లేట్ జరుపు. గాలి పది డిగ్రీలు తగ్గితే నీ పట్టిక ఆ దిక్కే పోదు.

మేనల్లుడు: దీనికి ఎదురు లేదు. రేపు పొద్దున ఆ పని. మధ్యాహ్నం రెండింటికి తీసుకుపోదాం. సాగర్ రింగ్ రోడ్డు నుంచి బొంగుళూరు దాకా, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి రెండుసార్లు నిండా తొక్కడం, తిరిగి ఎల్‌బీ నగర్ సిగ్నల్‌లో ఆగడం. మొత్తం రికార్డ్ చేస్తాను.

మేస్త్రి: సిగ్నల్ పడ్డంక మొదటి పది సెకండ్లు నాకు చూపెట్టు. గా పది సెకండ్లు ఎట్లుంటయో చూడాలె.

మేనల్లుడు: ఆ పది సెకండ్లలో సెన్సర్ అబద్ధం చెప్తుందని నువ్వే అన్నావు. అక్కడ దించొద్దనే నేనంటున్నాను.

మేస్త్రి: సెన్సర్ అబద్ధం చెప్పినా గోడ నిజంగనే కాలుతున్నది. మొదటి పది సెకండ్లు దించే ఉంచు. తర్వాత వదులు.

ఆ పది సెకండ్ల దగ్గర ఇద్దరూ ఒప్పుకోలేదు. కుర్రవాడి లెక్క ప్రకారం గాలి జోరందుకోగానే గోడ వేడి లెక్కలోకి రాదు, కాబట్టి స్పార్కును పట్టి ఉంచడం బలం వృథా చేయడమే. నేను మేస్త్రి వైపు. జోరు అందుకోవడానికే కొన్ని సెకండ్లు పడుతుంది. మానిఫోల్డ్, వాల్వులు, పిస్టన్ తలలు ఆ లోపల చల్లబడవు. టర్బో ఒత్తిడి మాత్రం ఆ లోపలే వస్తుంది. వేడి గోడలూ నిండు ఒత్తిడీ ఒకేసారి కలిసే సమయం ఆ బండి రోజు మొత్తంలో అదొక్కటే. అక్కడ మూడు డిగ్రీలు వెనక్కి ఉంచితే ఎల్‌బీ నగర్ సిగ్నల్ దాటే బండికి పోయేదేమీ లేదు, ముందు బస్సు ఉండనే ఉంటుంది. రికార్డింగ్‌లో ఆ సెకండ్లలో నాక్ సెన్సర్ అంకె ఒక్కసారి కూడా లేవకపోతే, ఒక్కొక్క డిగ్రీ తిరిగి ఇచ్చుకుంటూ పోవచ్చు. ఇవ్వడం మొదలుపెట్టేది మాత్రం దించి ఉంచిన వైపు నుంచే.